పక్కవాళ్ల బొమ్మ మీ పేపర్లోకి రావాలంటే: అనుమతులు అడిగే పద్ధతి

పోయిన వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా చిన్నాన్న కూతురు ఫోన్ చేసింది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు దెబ్బతినే ఫ్లోరోసిస్ జబ్బు మీద తను రెండేళ్లు కష్టపడి రాసిన రివ్యూ వ్యాసం ఒక విదేశీ జర్నల్లో యాక్సెప్ట్ అయింది. అయినా గొంతులో సంతోషం లేదు. "అక్కా, తొమ్మిది చోట్ల పర్మిషన్ కావాలంటున్నారు. మూడు వారాలే టైమిచ్చారు. అన్నిటి కిందా సోర్స్ రాశాను కదా, మళ్లీ ఇదేంటి?" అంది.

నేను హైదరాబాద్‌లో జర్నల్స్ తయారుచేసే ఒక ఆఫీసులో పదకొండేళ్లుగా పర్మిషన్స్ పని చూస్తున్నాను. ఈ ప్రశ్న వినని నెల లేదు. సోర్స్ రాయడం అంటే ఆ పని ఎవరిదో చెప్పడం. అనుమతి అంటే దాన్ని మళ్లీ అచ్చువేయడానికి హక్కున్నవాళ్లు సరేననడం. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది వచ్చినట్టు కాదు. పక్కింటి మంచం తెచ్చుకుని "ఇది వాళ్లదే" అని ఊరంతా చెప్పినా, అడగకుండా తెస్తే అడగకుండా తెచ్చినట్టే.

ఆ మూడు వారాల్లో మేమిద్దరం చేసిన పని రాస్తున్నాను. ఉదాహరణలు సైన్సువే అయినా తెలుగు, చరిత్ర, సోషియాలజీ వాళ్లు నడవాల్సిన దారీ ఇదే.

ముందు జాబితా

మొదట చెల్లితో ఒక ఎక్సెల్ షీట్ తెరిపించాను. వ్యాసంలో తను సొంతంగా గీయని, రాయని ప్రతిదీ అందులోకి ఎక్కాలి. తన జాబితా ఇది: చందా కడితేనే చదవగలిగే ఒక సబ్‌స్క్రిప్షన్ జర్నల్‌ నుంచి తీసుకున్న గ్రాఫ్, ఎవరైనా ఉచితంగా చదవగలిగే ఒక ఓపెన్ యాక్సెస్ వ్యాసంలోని బొమ్మ, తాగునీటిలో ఫ్లోరైడ్ పరిమితుల పట్టిక, నల్గొండ జిల్లా మ్యాపు, నల్గొండ టెక్నిక్‌తో నీళ్లు శుద్ధిచేసే విధానపు చిత్రం, 1937 నాటి వ్యాసం నుంచి ఒక పెద్ద పేరా, బోరు దగ్గర నిలబడ్డ ఒక పెద్దాయన ఫోటో, తన పాత పేపర్లోని తన సొంత గ్రాఫ్, వ్యాసం మొదట్లో పెట్టుకున్న నాలుగు కవిత్వ పంక్తులు.

ఒక్కోదాని పక్కన ఎక్కడి నుంచి తీసుకున్నారు, ఏ పేజీ, ఫిగర్ నంబరెంత అని రాసుకోండి. ఇంకొక గడి తప్పకుండా పెట్టండి: ఆ బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఏం రాసి ఉంది? నేను ఉద్యోగంలో చేరిన ఏడాది ఒక వ్యాసం ఆరు వారాలు ఆగిపోయింది, ఈ గడి లేకనే. రచయిత ఒక ప్రచురణకర్త దగ్గర లైసెన్స్ తెచ్చారు, నేను ఫైలులో పెట్టేశాను. తీరా చూస్తే బొమ్మ కింద "ఫలానావారి అనుమతితో పునర్ముద్రణ" అని ఉంది. అంటే ఆ ప్రచురణకర్త కూడా దాన్ని ఇంకొకరి దగ్గర అడిగి తెచ్చుకున్నదే. మనకు ఇచ్చే హక్కు వాళ్లకు లేదు. ఆ లైసెన్సులో కూడా "ఇతరుల నుంచి తీసుకున్న వాటికి ఇది వర్తించదు" అని స్పష్టంగానే ఉంది. అసలు యజమానిని వెతికి మళ్లీ మొదటి నుంచి అడగాల్సి వచ్చింది. ఆ తప్పు నాది. అప్పటి నుంచి బొమ్మ కంటే ముందు బొమ్మ కింది అక్షరాలు చదువుతాను.

వ్యాసం యాక్సెప్ట్ అయ్యాక ఈ జాబితా రాస్తే చెల్లిలాగే టెన్షన్ పడాలి. బొమ్మను మీ డ్రాఫ్టులో పేస్ట్ చేసిన రోజే షీట్లో ఒక వరుస నింపండి. రెండు నిమిషాల పని.

అడగక్కర్లేనివి

తొమ్మిదింటిలో అన్నిటికీ ఉత్తరాలు అవసరం పడలేదు. ముందు తేలికైనవి పక్కన పెట్టాం.

ఓపెన్ యాక్సెస్ బొమ్మకు సీసీ బై 4.0 అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఉంది. అంటే పేరు చెప్పి, లైసెన్స్ పేరు, లింకు ఇచ్చి, మార్పులు చేస్తే చేశామని రాసి వాడుకోవచ్చు. ఎవర్నీ అడగనక్కర్లేదు. కానీ "ఓపెన్ యాక్సెస్" అన్న మాట చూసి ఆగిపోకండి, లైసెన్స్ పేరులో చివరి అక్షరాలు చూడండి. ఎన్‌సీ అని ఉంటే వ్యాపార ప్రయోజనానికి వాడకూడదు. జర్నల్ లాభం కోసం నడిచే సంస్థదైతే అడిగి తీరాలని నేను చెబుతాను. ఎన్‌డీ అని ఉంటే మార్చిన రూపాన్ని ప్రచురించకూడదు. బొమ్మలోని అక్షరాలను తెలుగులోకి మార్చడం కూడా మార్పే. ఎస్‌ఏ ఉంటే మీరు మార్చి చేసినదాన్ని కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి. ఇంటర్నెట్లో ఉచితంగా చదవగలగడం, ఆర్కైవ్‌లో పీడీఎఫ్ దొరకడం లైసెన్స్ కాదు.

పట్టిక విషయం ఇంకా తేలిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటి మార్గదర్శకాల్లో ఫ్లోరైడ్ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మన భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ఐఎస్ 10500:2012 ప్రకారం 1.0 ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా అనుమతి. ఈ అంకెల మీద ఎవరికీ కాపీరైట్ లేదు. కాపీరైట్ ఉండేది వాటిని పేర్చిన తీరుకు, రాసిన మాటలకు. చెల్లి ప్రపంచ ఆరోగ్య సంస్థ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టింది. దాన్ని తీసేసి, తనకు కావాల్సిన అంకెలతో సొంత పట్టిక వేసి, కింద రెండు ప్రమాణాలనూ రిఫరెన్సుగా ఇచ్చింది. పర్మిషన్ సమస్యా పోయింది, పట్టిక కూడా పాతదాని కంటే చదవడానికి బాగుంది.

మ్యాపు కూడా అలాగే. తను తీసుకున్నది ఒక పాత రిపోర్టులోది, ఉమ్మడి నల్గొండ జిల్లాది. 2016లో ఆ జిల్లా నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరిగా విడిపోయింది కాబట్టి ఎలాగూ మార్చాల్సిందే. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్లో, అందరూ కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాతో కొత్తది గీశాం. "ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్లు" అని క్రెడిట్ ఇచ్చి, ఆ డేటా లైసెన్సు పేరు, లింకు పెడితే చాలు. ఒక సాయంత్రం పట్టింది.

నల్గొండ టెక్నిక్ చిత్రం దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను కిందికి దించే ఆ పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందించింది. పద్ధతి మీద కాపీరైట్ ఎవరికీ లేదు. ఒకరు గీసిన చిత్రానికి ఉంది. చాలామంది ఇక్కడ చేసే పని ఏంటంటే, పాత బొమ్మనే పక్కన పెట్టుకుని పెట్టెల రంగులు మార్చి, బాణాలు కొంచెం జరిపి, కింద "ఆధారంగా గీసినది" అని రాసేయడం. అమరిక అదే, చూడగానే అదే బొమ్మ అనిపిస్తే దానికీ అనుమతి కావాలి. నేను చెల్లితో పాత బొమ్మ ఫైలు మూసేయించాను. పద్ధతి తనకు తెలుసు, ప్లాంట్ చూసింది. తన నోట్సులోంచి, తెల్ల కాగితం మీద మొదలుపెట్టి గీయమన్నాను. గీసింది వేరే బొమ్మ అయింది.

బొమ్మలు గీయడం రానివాళ్లకు సెర్వియర్ మెడికల్ ఆర్ట్‌లో సీసీ బై లైసెన్సుతో వైద్య చిత్రాలు దొరుకుతాయి. సైన్సు బొమ్మలు గీసుకునే బయోరెండర్ వెబ్‌సైట్ వాడితే మాత్రం జర్నల్లో వేయడానికి పబ్లికేషన్ లైసెన్స్ విడిగా తీసుకోవాలి, అది డబ్బు కట్టిన ప్లాన్‌తోనే వస్తుంది.

ప్రశ్నావళులూ స్కేళ్లూ వాడే సైకాలజీ, నర్సింగ్ వాళ్లకు ఒక మాట. అందరూ వాడుతున్నారు కాబట్టి ఉచితమే అనుకోకండి. డిప్రెషన్‌కు వాడే పీహెచ్‌క్యూ-9ను ఎవరైనా అనుమతి లేకుండా వాడుకోవచ్చని దాన్ని తయారుచేసినవాళ్లే ప్రకటించారు. జ్ఞాపకశక్తి పరీక్షకు వాడే ఎంఎంఎస్‌ఈ 1975 నాటిది, ప్రపంచమంతా వాడింది, అయినా దానికి లైసెన్స్ కావాలి. అలాంటి స్కేలును తెలుగులోకి అనువదించాలన్నా అనుమతి కావాల్సిందే, అనువాద హక్కు కూడా యజమానిదే.

పాతదైతే ఉచితమేనా

మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత బతికున్నంత కాలం, ఆపైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 60 లెక్క చనిపోయిన రోజు నుంచి కాదు, తర్వాతి ఏడాది జనవరి నుంచి. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలు ఎవరైనా వేసుకోవచ్చు. శ్రీశ్రీ 1983లో పోయారు, ఆయన పంక్తులకు 2043 చివరి దాకా హక్కుదారులు ఉంటారు. చెల్లి వ్యాసం మొదట్లో పెట్టినవి అలా హక్కు ఇంకా నడుస్తున్న కవి పంక్తులు.

"నాలుగు లైన్లే కదా అక్కా" అంది. పద్యం పది లైన్లదైతే నాలుగు లైన్లంటే దాదాపు సగం. పైగా వ్యాసంలో ఆ కవిత గురించి ఒక్క మాట లేదు, అలంకారానికి పెట్టుకుంది. చట్టంలోని 52వ సెక్షన్ పరిశోధనకు, విమర్శకు, సమీక్షకు కొంత వెసులుబాటు ఇస్తుంది. మీరు ఒక కవితను విశ్లేషిస్తూ పంక్తులు ఉటంకిస్తే ఆ వెసులుబాటు మీ పక్షాన ఉంటుంది, తెలుగు సాహిత్య పరిశోధకులు ధైర్యంగా వాడుకోవాల్సింది ఇదే. అలంకారంగా పెట్టినదానికి అది వర్తిస్తుందని చెప్పడం కష్టం. అడిగే టైము లేదు, తీసేశాం.

పాత రచయితల విషయంలో ఒక జాగ్రత్త: గురజాడ మాటలు ఉచితమే గానీ, కొత్త ముద్రణలో వేరొకరు రాసిన పీఠికా, వివరణలూ, ఇంగ్లిషు అనువాదమూ ఉచితం కాదు. వాటి హక్కుల లెక్క విడిగా నడుస్తుంది.

ఇక 1937 పేరా. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి షార్ట్, పండిట్, రాఘవాచారి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాసిన వ్యాసం అది. మన దేశంలో ఈ జబ్బు మీద పని మొదలైంది అక్కడే అని అందరూ ఉటంకిస్తారు. ఇంత పాతదానికి అనుమతేంటి అనిపిస్తుంది. కానీ షార్ట్ 1987 దాకా బతికారు. హక్కు రచయితలదే అనుకుంటే కనీసం 2047 చివరి దాకా నడుస్తుంది. వాళ్లు ప్రభుత్వ సంస్థలో ఉద్యోగులు కాబట్టి అది ప్రభుత్వ రచన అనుకుంటే ప్రచురణ నుంచి 60 ఏళ్లే, ఎప్పుడో అయిపోయింది. ఇలా రెండు లెక్కలు రెండు చోట్లకు తీసుకెళ్తుంటే మనకు అనుకూలమైనది ఎంచుకుని కూర్చోకూడదు. మేము ఆ పేరాలో అసలు చర్చకు అవసరమైన రెండు వాక్యాలే కొటేషన్‌లో ఉంచాం. మిగతాది చెల్లితో తన మాటల్లో చెప్పించి, ఆ రెండు వాక్యాల మీద తన వ్యాఖ్య రాయించాను. అది చరిత్ర మీద విమర్శ, అందులో ఇబ్బంది లేదు. నిజానికి వ్యాసం కూడా అక్కడ చిక్కబడింది.

ఢిల్లీ యూనివర్సిటీ ఫొటోకాపీ కేసును కొందరు గుర్తుచేస్తారు. 2016లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది పాఠం చెప్పడంలో భాగంగా విద్యార్థులకు ఇచ్చే కాపీల గురించి. జర్నల్లో ప్రచురణకు దాన్ని అడ్డం పెట్టుకోలేం.

రైట్స్‌లింక్ ఫారం నింపడం

ఇప్పుడు నిజంగా అడగాల్సినవి మూడు మిగిలాయి: సబ్‌స్క్రిప్షన్ జర్నల్ గ్రాఫ్, తన సొంత పాత గ్రాఫ్, ఫోటో.

గ్రాఫ్ గీసిన ప్రొఫెసర్‌కు చెల్లి అప్పటికే మెయిల్ పెట్టింది. ఆయన "సంతోషంగా వాడుకోండి" అని జవాబిచ్చారు. మంచి మనిషి, కానీ ఆ మాట చెల్లదు. సబ్‌స్క్రిప్షన్ జర్నళ్లలో వ్యాసం వేసేటప్పుడు రచయితలు సాధారణంగా కాపీరైట్ ప్రచురణకర్తకు రాసిచ్చేస్తారు. అందుకే అడగాల్సింది గీసినవాళ్లను కాదు, ఇప్పుడు హక్కు ఎవరి దగ్గర ఉందో వాళ్లను. చెల్లి తన సొంత గ్రాఫ్‌కు కూడా అడగాల్సి రావడానికి కారణం ఇదే. "నా బొమ్మకు నేనే అడుక్కోవాలా?" అని బాధపడింది. ఆ బాధ నాకు అర్థమవుతుంది. సంతకం పెట్టిన ఒప్పందంలో అలా ఉంది మరి. చాలామంది ప్రచురణకర్తలు రచయితకు తన బొమ్మ మళ్లీ వాడుకునే హక్కు ఉచితంగానే ఇస్తారు, కాగితం మాత్రం కావాలి.

వ్యాసం వెబ్ పేజీలో "రిక్వెస్ట్ పర్మిషన్స్" అనో "రైట్స్ అండ్ పర్మిషన్స్" అనో ఒక లింకు ఉంటుంది. చాలా జర్నళ్లకు అది కాపీరైట్ క్లియరెన్స్ సెంటర్ నడిపే రైట్స్‌లింక్ అనే ఆన్‌లైన్ అనుమతుల సేవకు తీసుకెళ్తుంది. కొందరు బ్రిటిష్ ప్రచురణకర్తలు పీఎల్ఎస్‌క్లియర్ వాడతారు. ముందు ఒక ఖాతా తెరవాలి, అది ఉచితం.

ఫారంలో మొదటి ప్రశ్న దగ్గరే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. దేనికి వాడుతున్నారు అంటే "థీసిస్" అని కొడతారు, ఎందుకంటే దానికి ధర సున్నా చూపిస్తుంది. థీసిస్ కోసం తీసుకున్న లైసెన్స్ థీసిస్‌కే. దేశంలోని థీసిస్‌లు దాచే శోధ్‌గంగ వెబ్‌సైట్లో పెట్టిన థీసిస్‌కు పనికొచ్చిన కాగితం, అదే అధ్యాయం జర్నల్లో వ్యాసంగా వచ్చేటప్పుడు పనికిరాదు. "జర్నల్ లేదా మ్యాగజైన్" అనే ఎంచుకోండి. తర్వాత వాడేది ఫిగరా, పట్టికా, పాఠమా, ఎన్ని అని అడుగుతుంది. ఒక ఫిగర్‌లో ఏ, బీ, సీ అని మూడు ముక్కలుండి మీకు ఒకటే కావాలంటే ఆ సంగతి వివరం రాసే గడిలో రాయండి. ఫార్మాట్ దగ్గర ప్రింటూ ఎలక్ట్రానిక్ రెండూ ఎంచుకోండి. ఈ వ్యాసం రచయిత మీరేనా అన్న ప్రశ్నకు నిజం చెప్పండి. సొంత గ్రాఫ్‌కు చెల్లి అవును అంది, ధర సున్నా వచ్చింది. చివర్లో మీ కొత్త వ్యాసం పేరు, జర్నల్, ప్రచురణకర్త, వచ్చే తేదీ అడుగుతుంది. వీటిలో ఏది తప్పు రాసినా లైసెన్స్ వేరే వ్యాసానికి ఇచ్చినట్టవుతుంది. ఫారం పూర్తయ్యాక లైసెన్స్ నంబరుతో పీడీఎఫ్ మెయిల్‌కు వస్తుంది. దాన్ని అలాగే దాచేయకుండా షరతులు చదవండి, క్రెడిట్ లైన్ ఎలా రాయాలో మాటలతో సహా అందులోనే ఉంటుంది.

ధర చూసి గుండె ఆగినంత పనైతే వెంటనే కట్టేయకండి. ఎస్‌టీఎం పర్మిషన్స్ గైడ్‌లైన్స్ అని ప్రచురణకర్తల మధ్య ఒక ఏర్పాటు ఉంది. దానిలో చేరిన సంస్థలు ఒక వ్యాసం నుంచి మూడు ఫిగర్లు, పట్టికల దాకా, 400 పదాల లోపు పాఠం దాకా ఒకరికొకరు డబ్బు తీసుకోకుండా ఇచ్చుకుంటాయి. మీ బొమ్మ ప్రచురణకర్త, మీ జర్నల్ ప్రచురణకర్త ఇద్దరూ అందులో ఉండాలి. ఉంటే ఫారంలో ప్రచురణకర్త పేరు, ఎస్‌టీఎం సభ్యత్వం సరిగ్గా ఎంచుకున్నప్పుడు ధర సున్నాకు దిగుతుంది. దిగకపోతే ఆ సంస్థ పర్మిషన్స్ విభాగానికి మెయిల్ పెట్టండి. విద్యార్థినని, గ్రాంటు లేదని చెప్పి తగ్గించమని అడగడంలో తప్పు లేదు. మా ఆఫీసుకు అలాంటి మెయిళ్లు వస్తాయి, మేము వాటిని చదువుతాం.

మీ జర్నల్ ఓపెన్ యాక్సెస్ అయితే అడిగేటప్పుడే ఆ మాట చెప్పాలి. మీ వ్యాసం మొత్తానికి సీసీ బై పెడితే ఆ బొమ్మ కూడా అందరికీ పంచినట్టే కనిపిస్తుంది. సాధారణంగా ప్రచురణకర్తలు బొమ్మ ఇస్తారు గానీ "ఈ బొమ్మకు వ్యాసపు క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ వర్తించదు" అని కింద రాయమంటారు. రాయండి.

మనిషిని అడగాల్సి వచ్చినప్పుడు

నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఆ ఫోటో. నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక బోరు దగ్గర, వెన్ను వంగిపోయి, బిందె మీద చెయ్యి ఆనించి నిలబడ్డ పెద్దాయన. చెల్లికి అది ఒక పత్రికలో దొరికింది.

పత్రికలో వచ్చిన ఫోటో హక్కు ఎవరిదన్నది తీసినాయన ఉద్యోగా, విడిగా పనిచేసే మనిషా, ఒప్పందంలో ఏముంది అనే వాటిని బట్టి మారుతుంది. అందుకే ఇద్దరినీ అడగమంటాను. ఈ ఫోటో తీసినాయన విడిగా పనిచేసే మనిషి, హక్కు తన దగ్గరే ఉంచుకున్నారు. పత్రికవాళ్లు ఆ మాట మెయిల్లో రాసి ఇచ్చారు.

ఫోన్లో ఆయన వెంటనే సరేనన్నారు. అక్కడితో ఆగకూడదు. చట్టంలోని 30వ సెక్షన్ లైసెన్స్ రాతలో ఉండాలంటుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే ఇచ్చినట్టు చట్టం లెక్కవేస్తుంది. ప్రపంచమంతా చదివే, ఎప్పటికీ వెబ్‌లో ఉండే వ్యాసానికి అది సరిపోదు. అందుకని ఉత్తరంలో ఆ రెండూ ఉండాలి. మేము రాసింది దాదాపు ఇలా:

"నమస్కారమండీ. నిన్న ఫోన్లో మాట్లాడినట్టు, మీరు మర్రిగూడ మండలంలో తీసిన, ఫలానా తేదీ పత్రికలో వచ్చిన ఫోటోను (కాపీ జతచేశాను) ఫ్లోరోసిస్ మీద నేను రాసిన వ్యాసంలో వేసుకోవడానికి మీ అనుమతి కోరుతున్నాను. వ్యాసం పేరు ఇది, జర్నల్ ఇది, ప్రచురించేవాళ్లు వీళ్లు. ఫోటోను ఈ వ్యాసంలో భాగంగా, ప్రింటులోనూ ఎలక్ట్రానిక్ రూపంలోనూ, ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంత కాలం వాడుకునే అనుమతి కావాలి. హక్కు మీదే, మీరు ఇంకెవరికైనా ఇచ్చుకోవచ్చు. ఫోటో కింద మీ పేరు ఎలా రాయమంటారో చెప్పండి. రుసుము ఏమైనా ఉంటే తెలియజేయండి. ఈ ఫోటో హక్కు పూర్తిగా మీదేనని, పై షరతులకు అనుమతిస్తున్నానని ఈ మెయిల్‌కు జవాబుగా రాస్తే చాలు."

జర్నల్‌కు పంపేటప్పుడు దీని ఇంగ్లిషు అనువాదం జతచేశాం. వాట్సాప్ జవాబు కొన్ని జర్నళ్లు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు, అందుకే మెయిల్ తీసుకున్నాం. కవి కుటుంబాన్నో, చిత్రకారుడి పిల్లల్నో అడిగేటప్పుడు కూడా ఇదే నమూనా. ఒక తేడా ఉంది: వారసులు నలుగురుంటే, ఫోన్ ఎత్తిన ఒక్కరి మాటే మొత్తం కుటుంబం మాట కాకపోవచ్చు. మిగతావాళ్ల తరఫున ఇచ్చే అధికారం ఉందా అని మర్యాదగా అడిగి, ఆ మాట రాయించుకోండి.

ఫోటోగ్రాఫర్ అనుమతితో సగం పనే అయింది. ఫోటోలో ఉన్న పెద్దాయన సంగతి? కాపీరైట్ చట్టం ఆయన గురించి మాట్లాడదు. వైద్య జర్నళ్లు మాత్రం గుర్తుపట్టగలిగే రోగి ఫోటోకు ఆ మనిషి రాతపూర్వక సమ్మతి కావాలంటాయి. కళ్ల మీద నల్ల పట్టీ వేస్తే సరిపోదని వైద్య జర్నల్ సంపాదకుల అంతర్జాతీయ కమిటీ స్పష్టంగా చెబుతుంది. చెల్లి మొదట పట్టీ వేద్దామనుకుంది. వద్దని, ఆయన్ని వెతకమన్నాను. ఫోటోగ్రాఫర్‌కు ఊరు గుర్తుంది. తను బస్సెక్కి వెళ్లింది. జర్నల్ ఇచ్చిన సమ్మతి పత్రం ఇంగ్లిషులో ఉంటే తెలుగులో రాసుకెళ్లి, ఆయనకూ ఆయన కోడలికీ మొత్తం చదివి వినిపించింది. ఫోటో ఇంటర్నెట్లో ఎప్పటికీ ఉంటుందని, తర్వాత తీసేయడం కుదరదని కూడా చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి, "నా నడుము ఇట్లయినట్టు పిల్లలకు కావొద్దని రాస్తున్నవా?" అని అడిగారట. అవునంటే వేలిముద్ర వేశారు. కోడలు సాక్షి సంతకం చేసింది.

జవాబు రాకపోతే

మౌనం అంగీకారం కాదు. "రెండు వారాల్లో జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టు భావిస్తాం" అని రాసే ఉత్తరాలు నేను చాలా చూశాను, వాటికి విలువ లేదు. పది రోజులకోసారి రెండుసార్లు గుర్తుచేయండి, వేరే చిరునామా ఉంటే అక్కడికీ రాయండి. అప్పటికీ రాకపోతే బొమ్మ మార్చండి, లేదా తీసేసి మాటల్లో చెప్పండి. యజమాని ఎవరో దొరకని రచనలకు చట్టంలో 31ఏ సెక్షన్ దారి చూపిస్తుంది, దరఖాస్తు, పత్రికా ప్రకటన లాంటివన్నీ ఉంటాయి. ఒక వ్యాసం కోసం ఆ దారి పట్టిన రచయితను నా పదకొండేళ్లలో చూడలేదు.

కాగితాలు పంపడం

ప్రతి అనుమతినీ విడి పీడీఎఫ్ చేసి, ఫిగర్ నంబరుతో పేరు పెట్టండి. మెయిల్ జవాబైతే మీరు అడిగిన ఉత్తరం కూడా అందులో కనిపించేలా సేవ్ చేయండి. "యెస్" అన్న ఒక్క మాట దేనికి యెస్సో చెప్పదు. రివిజన్‌లో ఫిగర్ల నంబర్లు మారితే ఫైళ్ల పేర్లూ మార్చండి. సొంతంగా గీసినవాటికి షీట్లో "రచయిత గీసినది" అని, సీసీ బై వాటికి లైసెన్స్ లింకు రాస్తే ఎడిటోరియల్ ఆఫీసు మళ్లీ అడగదు. వ్యాసం వచ్చాక కూడా ఆ ఫోల్డర్ తీసేయకండి. ఏళ్ల తర్వాత ఎవరైనా ప్రశ్నిస్తే చూపించాల్సింది మీరే.

క్రెడిట్ లైన్ లైసెన్సులో ఎలా ఉంటే అక్షరం మార్చకుండా అలా పెట్టండి. లైసెన్స్ ఏమీ చెప్పకపోతే రచయితలు, జర్నల్, సంవత్సరం, ఫిగర్ నంబరు, "ఫలానావారి అనుమతితో" అన్న మాట ఉండాలి. ఉన్నది ఉన్నట్టు వేస్తే పునర్ముద్రణ అని, మారిస్తే మార్చి తీసుకున్నది అని రాయాలి.

చెల్లి తొమ్మిది వరుసల షీట్, నాలుగు పీడీఎఫ్‌లు పందొమ్మిదో రోజు రాత్రి అప్‌లోడ్ చేసింది. వ్యాసం వచ్చిన రోజు ఫోటోగ్రాఫర్‌కు లింకు పంపింది. పెద్దాయనకు లింకు ఏం చేసుకోవాలో తెలియదు కాబట్టి, ఆ పేజీ కలర్ ప్రింట్ తీసి, లామినేషన్ చేయించి, మళ్లీ మర్రిగూడ బస్సెక్కింది.